మతం గడిలో ‘లేదు’ అని రాశాం: హాస్పీస్‌లో నాన్నతో 23 రాత్రులు

2021 జనవరి 6, బుధవారం సాయంత్రం నాన్నని హాస్పీస్‌లో చేర్చాం, అంటే చివరి దశలో ఉన్న రోగుల్ని నొప్పి లేకుండా చూసుకునే చోట. జనవరి 29 తెల్లవారుజామున నాలుగుంపావుకి పోయాడు. మధ్యలో జరిగిందంతా ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకున్నాను. టెస్టు ఎప్పుడు చేయించుకున్నానో, పాసు ఎప్పటిదాకా ఉందో ఎంత ప్రయత్నించినా గుర్తుండేవి కావు, అందుకని మొదలుపెట్టాను. తర్వాత మిగతావి కూడా అందులోకే చేరాయి. ఇప్పుడు అందులో చూసే ఇదంతా రాస్తున్నాను.

మందుల గురించి, కోవిడ్ రూల్స్ గురించి చాలామంది రాశారు. నేను రాసేది హాస్పీస్ వాళ్లు ‘ఆధ్యాత్మిక సంరక్షణ’ అనేదాని గురించి. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు చిరాకేసింది. ఎవరో వచ్చి నాన్న మంచం పక్కన కళ్లు మూసుకుని ప్రవచనం మొదలుపెడతారనుకున్నాను.

నాన్నకి 74. ప్రొస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకీ తుంటి ఎముకలకీ పాకింది. జనవరి 4న డాక్టరు వీడియోలోనే మాట్లాడాడు. ‘ఇక చికిత్స వల్ల లాభం లేదు, నొప్పి లేకుండా చూసుకుందాం’ అనబోయాడు. సరిగ్గా ‘లాభం’ దగ్గర బొమ్మ ఆగిపోయింది. ఆయన మళ్లీ కనెక్టయి ఆ మాట రెండోసారి చెప్పాల్సి వచ్చింది. నాన్న ‘అర్థమైంది లెండి, మొదటిసారే’ అన్నాడు. రెండు రోజుల్లో హాస్పీస్‌లో బెడ్ దొరికింది. అదే అదృష్టమన్నారు.

చేర్చేటప్పుడు తొమ్మిది పేజీల ఫారం నింపాలి. ఆరో పేజీలో మతం అని ఒక గడి ఉంది. నాన్న ‘లేదు అని రాయి’ అన్నాడు, రాశాను. దాని కిందే ‘ఆధ్యాత్మిక సహాయం కావాలా?’ అని ఇంకో గడి. మతమే లేనప్పుడు ఇదెందుకని ‘వద్దు’ దగ్గర టిక్కు పెట్టేశాను. పది సెకన్ల పని. ఆ టిక్కు వల్ల పది రోజులు పోయాయి.

అప్పటి కోవిడ్ రూల్స్ ఇవీ. రోగికి ఒక్కరే, వాళ్ల పేరు ముందే రాయించాలి, తర్వాత మార్చరు. రోజుకి అరగంట. ప్రతి 72 గంటలకీ కొత్తగా ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్ కాగితం. మొత్తం ఎనిమిదిసార్లు ముక్కులో పుల్ల పెట్టించుకున్నాను. అక్క వేరే దేశంలో ఉంటుంది. వస్తే 14 రోజులు క్వారంటైన్. నాన్నకి 14 రోజులున్నాయో లేవో ఎవరూ చెప్పలేకపోయారు. పాపం టికెట్ తీసుకుని రద్దు చేసింది, మళ్లీ తీసుకుంది, మళ్లీ రద్దు చేసింది. రెండోసారి డబ్బు వెనక్కి రాలేదు. నేను మూడు వారాలు జీతం లేని సెలవు పెట్టాను. హాస్పీస్‌లో ఈ ఆధ్యాత్మిక సహాయానికి విడిగా డబ్బేమీ తీసుకోలేదు. అది కూడా తర్వాత తెలిసిందే. ముందే తెలిసినా టిక్కు అక్కడే పెట్టేవాణ్ణేమో.

రెండో రోజు పాసులో నా పేరుకి బదులు అక్క పేరు పడింది. గేటు దగ్గర గార్డు లోపలికి పోనివ్వలేదు. అతని తప్పేం లేదు, కాగితంలో ఉన్నదే చూస్తాడు. డెస్కువాళ్లు సరిచేసేసరికి విజిటింగ్ టైమ్ అయిపోయింది. ఆ అరగంట కిటికీ బయట నిలబడి చెయ్యి ఊపాను. నాన్న కళ్లజోడు పెట్టుకోలేదు. నేనని తెలిసిందో లేదో మరి.

మార్ఫిన్ మొదలుపెట్టాక రెండు రోజులకే ఎముకల నొప్పి దారికొచ్చింది. పగలు బాగానే ఉండేవాడు. రాత్రుళ్లే సమస్య. రాత్రి నొప్పి ఎంత అని అడిగితే పదికి ఎనిమిది అనేవాడట. ఎక్కడ అంటే చెప్పలేకపోయేవాడు. మంచం కడ్డీ పట్టుకుని పైకప్పు చూస్తూ ఉండేవాడు. డోసు పెంచారు, మత్తుగా ఉన్నాడు, కానీ నిద్ర లేదు. దీనికి తోడు అంకెలు లెక్కపెట్టడం మొదలైంది. ఒకటి, రెండు, మూడు. అక్కడ ఆగి మళ్లీ ఒకటి, రెండు, మూడు. రాత్రి రిపోర్టులో ‘డెలీరియం’ అని, అంటే మతి తప్పిందని రాశారు. ఈ జబ్బులో, ఈ మందులతో అది మామూలేనట. నేనూ అదే అనుకున్నాను.

జనవరి 13 రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ మర్నాడు పొద్దున నాకు ఫోన్ చేసింది. డ్యూటీ దిగాక, తన సొంత ఫోన్‌లోంచి. ‘మీ నాన్నగారికి మతి తప్పలేదండీ. తేదీ అడిగితే చెబుతున్నారు, నా పేరు చెబుతున్నారు, మందుల టైమ్ నాకే గుర్తు చేస్తున్నారు. ఇది మందుకి లొంగే నొప్పి కాదేమో అనిపిస్తోంది’ అంది. తర్వాత ఒక పేరు చెప్పింది: సిసిలీ సాండర్స్. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ పెట్టినావిడ. నర్సుగా, సోషల్ వర్కర్‌గా, డాక్టరుగా మూడు పనులూ చేసిందట. చివరి దశలో ఉన్న మనిషి నొప్పి ఒక్క ఒంటిలోనే ఉండదు, మనసుదీ, ఇంటిదీ, ఆత్మదీ అన్నీ కలిసిపోయి ఉంటాయని, దాన్ని మొత్తంగా ఒకే నొప్పిగా చూడాలని చెప్పిందావిడే. ‘మా ట్రైనింగ్‌లో మొదటి పాఠం ఇదే. మీరు వద్దని టిక్కు పెట్టారు కాబట్టి మా వాళ్లెవరూ ఆ సంగతి ఎత్తలేదు’ అంది సిస్టర్.

అప్పుడు వెళ్లి ఆరో పేజీ దిద్దించాను.

హాస్పీస్ మొత్తానికి ఈ పని చేసే మనిషి ఒక్కరే. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ని మహమ్మారి అని ప్రకటించిన కొన్నాళ్లకే ఆవిణ్ణి వార్డుల్లో తిరగడం మానెయ్యమన్నారట. ఇంటి నుంచే ఫోన్లలో, ట్యాబ్‌లో మాట్లాడుతున్నారు. చివరి గడియలు వచ్చిన రోగుల దగ్గరికి మాత్రం స్వయంగా రావచ్చు. 14న అడిగితే 16న టైమ్ దొరికింది. ఆవిడ హోదాని అక్కడ ‘చాప్లెయిన్’ అంటారు. నాన్నకి చెబితే ‘చార్లీ చాప్లినా? సరే పిలవండి, నవ్వి చాలా రోజులైంది’ అన్నాడు. చేరిన తర్వాత నాన్న వేసిన మొదటి జోకు ఇదే.

జనవరి 16, శనివారం. నా అరగంటని ఆ కాల్ టైముకే పెట్టించుకున్నాను. వార్డు మొత్తానికి ఒకటే ట్యాబ్. దాన్ని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, జిప్ వేసి, తుడిచి తెస్తారు. ఆ సంచి మీద నుంచి వేలితో నొక్కితే ఒక్కోసారి పట్టదు. సిస్టర్ గ్లవుజు వేలితో నాలుగుసార్లు నొక్కాక ఆవిడ కనిపించారు. వాల్యూమ్ ఫుల్లుగా ఉంది. ‘నమస్కారమండీ’ అనగానే పక్క బెడ్డాయన ఉలిక్కిపడి ‘నమస్కారం’ అన్నాడు.

మొదటి కాల్ 11 నిమిషాలే. దేవుడి మాటే రాలేదు. ‘మీకు మతం లేదని రాశారు, మంచిది. మరి కష్టం వచ్చినప్పుడు దేన్ని పట్టుకుని నిలబడతారు?’ అని అడిగారు. నాన్న ‘స్తంభాన్ని’ అన్నాడు. నిజమే, 30 ఏళ్ల పైన కరెంటు లైన్‌మన్‌గా చేశాడు. ఆవిడ నవ్వలేదు. ‘ఆ పని మీకెంత ముఖ్యం? ఆ రోజుల మనుషులెవరైనా ఇప్పటికీ టచ్‌లో ఉన్నారా? నేను చేయగలిగిందేమైనా ఉందా?’ అని ఒక్కొక్కటే అడిగారు. ఇవి గాల్లోంచి వచ్చిన ప్రశ్నలు కావని తర్వాత చదివితే తెలిసింది. అమెరికన్ డాక్టర్ క్రిస్టినా పుచాల్‌స్కీ తోటివాళ్లతో కలిసి 1996లో తయారుచేసిన పద్ధతి ఒకటుంది. దేన్ని నమ్ముతావు, అది నీకెంత ముఖ్యం, నీవాళ్లెవరు, దాన్నిబట్టి మేమేం చెయ్యాలి అని నాలుగు మెట్లు. నమ్మేవాడికీ నమ్మనివాడికీ అవే ప్రశ్నలు.

మూడో ప్రశ్న దగ్గర నాన్న మాట ఆగిపోయింది. ఆవిడా ఏమీ అనలేదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు. ‘లైను పోయింది’ అన్నాడు నాన్న నాకేసి చూసి. ‘లేదండీ, ఇక్కడే ఉన్నాను’ అన్నారావిడ. కొద్దిసేపటికి మళ్లీ అంతే. మళ్లీ ‘పోయింది’. మనిషి మంచం పక్కన ఊరికే కూర్చుంటే ఆ మౌనానికి ఒక బరువు ఉంటుంది. ట్యాబ్‌లో అదే మౌనం నెట్‌వర్క్ ప్రాబ్లమ్‌లా కనిపిస్తుంది. ఆవిడకి ఇది కొత్త కాదనుకుంటాను. మూడోసారి మౌనం వచ్చినప్పుడు తన అరచేతిని కెమెరా ముందు కిందుగా పెట్టి అలాగే ఉంచారు, ఒళ్లో చెయ్యి పెట్టుకున్నట్టు. ఆ చెయ్యి కాస్త కదులుతూ ఉంటే లైను ఉన్నట్టు. నాన్న ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు.

ఆ సాయంత్రం ఫోన్‌లో నేనొక తెలివితక్కువ పని చేశాను. ‘కరెంటు కూడా కనపడదు కదా నాన్నా, ఉందని నమ్మి బతికావు కదా’ అన్నాను. ‘కరెంటుకి మీటరుంది. నీ దగ్గరేం మీటరుందో చూపించు’ అన్నాడు. ఆ సంగతి నేను మళ్లీ ఎత్తలేదు.

మా పెద్దమ్మ మాత్రం ఎత్తింది. తను నాన్నకన్నా పదేళ్లు పెద్ద, ఇంట్లోంచి కదల్లేదు, తన భయం తనది. ప్రార్థన రికార్డు చేసి పంపి, నాన్న చెవి దగ్గర పెట్టమంది. పెట్టాను. నాన్న మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. చాప్లెయిన్ మేడమ్‌కి చెబితే, ‘వినిపించే ముందు ఆయన్ని అడగండి. వద్దంటే మానెయ్యండి. పెద్దమ్మగారికి మాత్రం నేను ఫోన్ చేస్తాను, ఆవిడకీ ఎవరో ఒకరు కావాలి కదా’ అన్నారు. చేశారు కూడా, రెండుసార్లు. పక్క బెడ్డాయనది ఇంకో కథ. ఆయనకి గట్టి నమ్మకం, వాళ్ల మతగురువు లోపలికి రావడానికి వీల్లేదు. రోజూ సాయంత్రం ఆరింటికి ఆ గురువు గొంతు ఫోన్‌లో పెట్టేలా ఆవిడ సిస్టర్లతో మాట్లాడి ఏర్పాటు చేశారు. ఆరు దాటి ఐదు నిమిషాలైతే ఆయన బెల్ కొట్టేవాడు.

రెండో కాల్ జనవరి 19 పొద్దున పదిన్నరకి. ట్యాబ్ వేరే గదిలో ఇరుక్కుపోయింది, అక్కడెవరిదో ఆఖరి చూపు నడుస్తోంది. ఒంటిగంటన్నరకి గానీ రాలేదు. అప్పటికి నా అరగంట అయిపోయి నన్ను పంపించేశారు. ఒకందుకు అదే మంచిదైంది. ఆ కాల్ 50 నిమిషాలు నడిచిందని సిస్టర్ చెప్పింది. సిస్టర్ ఇయర్‌ఫోన్లు పెట్టి, కర్టెన్ లాగి వచ్చేసిందట. ఏం మాట్లాడారని మేడమ్‌ని అడిగాను. ‘అది ఆయనది. చెప్పాలనిపిస్తే ఆయనే చెబుతారు’ అన్నారు. నిజం చెప్పాలంటే కోపమొచ్చింది. కొడుకుని నేను, నాకు చెప్పకపోవడమేంటి అని.

ఆ రాత్రి నాన్న నాలుగు గంటలు నిద్రపోయాడు. మందు డోసు మార్చలేదు.

జనవరి 21న నాకు చెప్పాడు. అరగంటలో ఇరవై నిమిషాలు అదే.

1987 ఆగస్టు. లైను మీద పని చెయ్యాలంటే ముందు సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ తీసుకోవాలి, లైన్ క్లియర్ అని. వాళ్లు సరఫరా ఆపి కాగితం ఇస్తారు. పనయ్యాక, మా మనుషులందరూ దిగారు, లైను మీద ఎవరూ లేరు అని సంతకం పెట్టి ఆ కాగితం తిరిగిస్తే మళ్లీ చార్జ్ చేస్తారు. ఆ రోజు నాన్న కింద నలుగురు పనిచేశారు. వాన పట్టింది, చీకటి పడుతోంది. పని జరిగేటప్పుడు లైనుని భూమికి కలిపి ఉంచే ఎర్త్ రాడ్లు తీసేశారు. నాన్న సైకిలెక్కి సబ్‌స్టేషన్‌కి వెళ్లి సంతకం పెట్టేశాడు. నలుగురిలో ఒక హెల్పర్ పైన పానా మర్చిపోయానని మళ్లీ స్తంభం ఎక్కాడు. ఇరవై ఆరేళ్లవాడు. ఇంట్లో భార్య, మూడేళ్ల కొడుకు.

విచారణ జరిగింది. చెప్పకుండా ఎక్కాడు కాబట్టి ప్రమాదం అని తేల్చారు. నాన్న మీద ఏమీ రాలేదు. ‘వాడు ఎక్కడం వాడి తప్పేరా. కానీ నేను బయల్దేరేముందు తలలు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాననే సంతకం పెట్టా’ అన్నాడు.

ఒకటి, రెండు, మూడు. రిపోర్టులో డెలీరియం.

నాకు అప్పుడు పదేళ్లు. ఆ ఏడాది నుంచి నాన్న వాన పడితే ఇంట్లో మాట్లాడేవాడు కాదు. అంతవరకే మాకు తెలుసు. ఒకప్పుడు ప్రార్థన చేసేవాడని, అప్పుడే మానేశాడని కూడా ఆ రోజే విన్నాను. ‘నన్ను క్షమించేశానని దేవుడు తేలిగ్గా అనేస్తాడని భయం. ఆయనెవరు అనడానికి?’ అన్నాడు. ఈ మాట నోటుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను.

మేడమ్ ఏమన్నారని అడిగాను. ‘ఏమనలేదు. వాడి పేరేంటని అడిగింది. చెప్పా. ముప్పై మూడేళ్లలో వాడి పేరు బయటికి అనడం అదే.’ అందరూ అనే ‘మీ తప్పేం లేదండీ’ ఆవిడ అనలేదు. నేనైతే మొదటి నిమిషంలోనే అనేసేవాణ్ణి, నాన్న అక్కడితో ఆపేసేవాడు. తర్వాత ఆవిడ అడిగిందల్లా, చెయ్యాలనుకుని చెయ్యలేకపోయినది ఏమైనా ఉందా అని. ఆ ఇంటికి ఒక ఉత్తరం అన్నాడు నాన్న.

పెన్ను పట్టే ఓపిక లేదు. 22న ఫోన్‌లో నాన్న చెబుతుంటే ఆవిడ రికార్డు చేశారు. కెనడా సైకియాట్రిస్ట్ హార్వే చోచినోవ్ తయారుచేసిన డిగ్నిటీ థెరపీ అని ఉంది, అందులో రోగి చెప్పినదంతా రికార్డు చేసి, టైపు చేసి, తిరిగి చదివి వినిపించి, దిద్దించి, కావలసినవాళ్లకి ఇస్తారట. ఇది అచ్చం అది కాదు కానీ పద్ధతి అక్కణ్ణుంచి తీసుకున్నదే అన్నారు. 23న చదివి వినిపిస్తే నాన్న మూడుచోట్ల ఆపాడు. ‘ఫ్యూజు కాదమ్మా, ఏబీ స్విచ్. ఫ్యూజు అని రాస్తే తెలిసినవాడు నవ్వుతాడు.’ ఇంకోచోట ‘దురదృష్టవశాత్తూ’ అని ఆవిడ చేర్చిన మాట కొట్టేయించాడు. చివరి ప్రతి రెండున్నర పేజీలు. అందులో క్షమించమని ఎక్కడా లేదు. ఆ రోజు ఏ టైముకి ఏం జరిగింది, తను ఏం చెయ్యాలి, ఏం చెయ్యలేదు. అంతే. సంతకం తనే పెట్టాడు, వంకరగా. పెట్టే ముందు కాగితం మొత్తం మళ్లీ చదివించుకున్నాడు.

అడ్రసు పట్టుకోవడం నా పని. నాన్నతో పనిచేసిన ముగ్గురికి ఫోన్ చేస్తే ఒకరు లేరు, ఒకరికి వినపడదు, మూడో ఆయన దగ్గర ఒక నంబరు దొరికింది. ఆ హెల్పర్ భార్య పోయి చాలా ఏళ్లైంది. కొడుకున్నాడు. 25న ఫోన్ చేశాను. అంతకుముందు రెండు రోజులు నంబరు కొట్టి, రింగవకముందే కట్ చేశాను. ఏం చెప్పాలో మేడమ్‌తో కలిసి రాసుకున్న నాలుగు వాక్యాలు చదివాను. అవతల చాలాసేపు ఏమీ లేదు. నాన్నలాగే నాకూ లైను పోయిందనిపించింది. చివరికి ‘ఒక్కరోజు టైమివ్వండి’ అని పెట్టేశాడు.

నాన్నకి చెప్పాను. ‘ఇవ్వాలి కదా’ అన్నాడు.

26 మధ్యాహ్నం నుంచి నాన్న మాట తగ్గింది. 27 పొద్దునకి పిలిస్తే పలకడం లేదు. మింగలేకపోతున్నాడని చర్మం కింద చిన్న సూది పెట్టి, సిరంజి డ్రైవర్‌తో మందు కొద్దికొద్దిగా ఎక్కించారు. ఇక రోజుల్లోనే అన్నారు. అక్కణ్ణుంచి రూల్ మారింది. నన్ను ఉండిపొమ్మన్నారు, కానీ గదిలోంచి బయటికెళ్తే మళ్లీ టెస్టు, మళ్లీ రిజల్టు కోసం ఎదురుచూపు. ఇది ముందుగా ఎవరూ చెప్పలేదు. బట్టలు, పొడుగు వైరున్న చార్జర్, మన మందులు ఉంటే అవి ముందే సంచిలో పెట్టుకోవాల్సింది. నా దగ్గర చార్జర్ లేదు. పక్క బెడ్డాయన తనది ఇచ్చాడు.

27 సాయంత్రం ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. అబ్బాయి అంటున్నాను గానీ ముప్పై ఆరేళ్లవాడు. ‘నేను మాట్లాడలేనండీ. మాట్లాడాలని కూడా లేదు. ఉత్తరం పంపండి’ అన్నాడు.

దీన్ని నాన్నకి ఎలా చెప్పాలి? అసలు చెప్పాలా? సిస్టర్‌ని అడిగితే చెప్పమంది. చెవికి వినపడుతుందేమో, ఎవరికి తెలుసు అంది. 2020లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్లు హాస్పీస్‌లో స్పృహ లేని రోగుల మెదడు తరంగాలు కొలిస్తే, కొందరి మెదళ్లు శబ్దానికి ఇంకా స్పందిస్తున్నాయని తేలింది. అది అర్థం చేసుకోవడమా కాదా అన్నది ఆ కొలతల్లో తెలియదు. గ్లవుజు తీసెయ్యచ్చా అని అడిగాను. ‘చేతులు శానిటైజ్ చేసుకుని పట్టుకోండి’ అంటూ సిస్టర్ అటు తిరిగి చార్టు రాసుకుంది. మూడు వారాల తర్వాత నాన్న చేతిని తాకాను. చెవి దగ్గర వంగి, ‘ఉత్తరం పంపమన్నాడు నాన్నా’ అన్నాను. మాట్లాడాలని లేదన్న సంగతి చెప్పలేదు. ఇది అబద్ధమా అని తర్వాత మేడమ్‌ని అడిగితే, ‘మీరు అన్నది నిజమే కదా’ అని మాత్రం అన్నారు. ఆ జవాబు నాకు పూర్తిగా సరిపోలేదు.

28 మధ్యాహ్నం ఆవిడ స్వయంగా వచ్చారు. గౌను, మాస్కు, ఫేస్‌షీల్డు, లోపల మనిషి ఎవరో తెలియదు. గుండె దగ్గర గౌను మీద తన నవ్వుతున్న ఫొటో పెద్దది అంటించుకున్నారు. ఎబోలా రోజుల్లో లైబీరియాలో మేరీ బెత్ హెఫర్నన్ అనే కళాకారిణి మొదలుపెట్టిన ఆలోచనట, రోగికి కనీసం మొహం కనిపించాలని. నాన్న కళ్లు మూసుకునే ఉన్నాడు. అయినా ఆవిడ ఆ ఫొటో నాన్న వైపు ఉండేలా కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. ప్రార్థన చెయ్యలేదు, చెయ్యమంటారా అని కూడా అడగలేదు. ఇరవై ఐదు నిమిషాలు. ఒళ్లో చెయ్యి, అప్పుడప్పుడు కదులుతూ. లేచేముందు ఆ హెల్పర్ పేరు, నాన్న పేరు రెండూ ఒకసారి పైకి అన్నారు. తర్వాత నన్ను వరండాలోకి తీసుకెళ్లి, నేను చెప్పాల్సినవి ఏమైనా మిగిలాయా అని అడిగారు. నేనేనా? నేను ఏడ్చింది అప్పుడే. వరండా కూడా ‘బయట’ కిందికి వస్తుందా, మళ్లీ టెస్టా అని మధ్యలో అడిగాను కూడా. రాదన్నారు.

అక్క ఆ రాత్రంతా ఫోన్ పెట్టెయ్యలేదు. దిండు పక్కన ఫోన్, అందులోంచి వాళ్ల ఇంట్లో గిన్నెల చప్పుడు, పిల్లలు కొట్టుకోవడం. మొదట ఆపమందామనుకున్నాను, తర్వాత అదే బాగుందనిపించింది. రెండింటి నుంచి నాన్న గొంతులో గరగర మొదలైంది. ఆయనకి బాధ ఉండదు, వినేవాళ్లకే కష్టం అని సిస్టర్ ముందే చెప్పింది కాబట్టి తట్టుకోగలిగాను. మూడు దాటాక ఊపిరి ఆగి ఆగి వచ్చింది. ఒక్కో గ్యాప్‌లో అక్క ‘ఉన్నాడా?’ అనేది. ‘ఉన్నాడు’ అనేవాణ్ణి. నాలుగుంపావుకి అడిగినప్పుడు జవాబు చెప్పలేదు.

తర్వాతి కార్యక్రమాల్లో ఎంతమంది ఉండొచ్చన్న లెక్కలు ఆ రోజుల్లో అందరూ పడ్డవే, అవి వదిలేస్తున్నాను. హాస్పీస్ వాళ్లు ఏడాదిపాటు మధ్యమధ్యలో ఫోన్ చేస్తామన్నారు. మొదటిది ఫిబ్రవరి 5న మేడమ్ చేశారు. ఉత్తరం ఇంకా పంపలేదని చెప్పాను. ఎందుకని అడగలేదు. ఎందుకో నాకూ తెలియదు. సొరుగులో పెట్టుకుని రోజూ చూసేవాణ్ణి. అది నాన్న చివరి సంతకం. జిరాక్స్ తీసుకున్నాక గానీ చెయ్యి రాలేదు. ఫిబ్రవరి 8న రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, అసలుది.

ఫిబ్రవరి 26 రాత్రి తొమ్మిదిన్నరకి ఆ నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. ‘ముట్టింది. సగం చదివాను. ఏబీ స్విచ్ అంటే ఏంటి?’

తెలిసినంతవరకు రాసి పంపాను.